పాలు పోస్తే చీటీ ఇస్తారు... మెయింటెనెన్స్ కడితే?

ఆదివారం సాయంత్రమైతే జంగమకోటె క్రాస్‌లో ఒకటే సందడి. భుజాన సంచులు, చేతిలో అమ్మ కట్టిచ్చిన రాగిపిండి, ఊరగాయ డబ్బా. బెంగళూరు దోవ పట్టే బస్సు కోసం ఎదురుచూసే పిల్లలు, కొత్తగా పెళ్లయిన జంటలు. వాళ్ల మాటల్లో ఉద్యోగం సంగతి తక్కువ, ఇంటి సంగతి ఎక్కువ.

'ఏమప్పా, మీ లిఫ్టు బాగైందా?'

'యాడ బాగైతుంది... రెండు నెల్లుగా అదే బోర్డు వేలాడుతా ఉంది.'

'నీళ్లు?'

'పొద్దున్నే అర్ధగంట. బకెట్లు నింపుకుంటే నింపుకున్నట్టు, లేదంటే లేదు.'

పల్లెలో బోరెండిపోతే పట్నం పోయినోళ్లు, పట్నంలో నాలుగో అంతస్తుకు నీళ్లు మోసుకుంటున్నారు! వినడానికి నవ్వులాట మాదిరి ఉన్నా అనుభవించేవాళ్లకు నవ్వు రాదు. శిడ్లఘట్ట, చింతామణి, బాగేపల్లి తాలూకాల నుంచి వెళ్లి బెంగళూరు అపార్ట్‌మెంట్లలో బాడుగకున్న కుటుంబాలను కదిలిస్తే చాలు, ఫిర్యాదుల చిట్టా విప్పుతారు. సంపు కడిగి ఎన్నాళ్లయిందో తెలియదు. కరెంటు పోతే జనరేటర్ నడవదు. మెట్ల మీద లైటు వెలగదు. వానొస్తే బేస్‌మెంట్‌లో బండ్లు మునుగుతాయి. మురుగునీటి శుద్ధి యంత్రం వాసనకు కిటికీ తీయలేరు. ఇంటి ఓనరుకు ఫోన్ చేస్తే 'అసోసియేషన్ వాళ్లను అడుగు' అంటాడు. అసోసియేషన్ దగ్గరికి పోతే 'నువ్వు టెనెంటువి కదా, మీ ఓనరును రమ్మను' అంటారు. ఓనరేమో హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు. మధ్యలో నలిగేది బాడుగ కట్టేవాడే.

ఇది సర్దుకుపోవాల్సిన చిన్న ఇబ్బంది కాదు. డబ్బు కట్టేవాడికి లెక్క అడిగే హక్కు లేకపోవడం అన్న పెద్ద తప్పు.

చీటీ లేని లెక్క

మన పల్లెల్లో పాల డైరీ సంగతి అందరికీ తెలుసు. పొద్దున, సాయంత్రం పాలు పోస్తారు. అర లీటరు పోసినా కొలత చూస్తారు, వెన్న చూస్తారు, చీటీ రాసిస్తారు. ఆ చీటీలో తేడా వస్తే అక్కడికక్కడే అడగొచ్చు. ఏడాదికోసారి సర్వసభ్య సమావేశం పెడితే పాలు పోసే సభ్యుడు లేచి నిలబడి 'ఈ ఖర్చేంది?' అంటాడు. అధ్యక్షుడు జవాబు చెప్పి తీరాలి. పెద్ద చదువులు లేని రైతులు నడుపుకుంటున్న పద్ధతి ఇది.

శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్టులోనూ అంతే. తన లాటు ఎంత తూగింది, ఎంతకు పోయింది అన్నది రైతు కళ్లారా చూసుకుంటాడు.

ఇక అపార్ట్‌మెంట్ లెక్క చూద్దాం. చదరపు అడుగుకు నెలకు మూడు రూపాయల మెయింటెనెన్స్ అనుకుందాం. వెయ్యి అడుగుల ఫ్లాటుకు నెలకు 3,000. నలభై ఫ్లాట్లుంటే నెలకు 1,20,000. ఏడాదికి 14,40,000 రూపాయలు. అందులో సగం ఫ్లాట్లు బాడుగకు పోయి, మెయింటెనెన్స్ వాళ్లే కడుతుంటే ఏడాదికి 7,20,000 రూపాయలు బాడుగదారుల జేబు నుంచి పోయినట్టు. ఆ డబ్బు సెక్యూరిటీకెంత, నీళ్ల ట్యాంకర్లకెంత, లిఫ్టు కంపెనీకెంత అని అడిగే వీలు మాత్రం ఆ సగం మందికి లేదు.

అర లీటరు పాలకు చీటీ ఉంది. ఏడు లక్షలకు లేదు!

చట్టం ఏమంటోంది?

'చట్టం లేదా?' అని ఎవరైనా అడగొచ్చు. ఉంది. ఒకటి కాదు, మూడున్నాయి. మూడింటిలోనూ బాడుగదారు గడప బయటే నిలబడి ఉన్నాడు.

మొదటిది కర్ణాటక అపార్ట్‌మెంట్ యాజమాన్య చట్టం, 1972. దీని ప్రకారం సంఘం ఫ్లాటు యజమానులది. ఓటు వాళ్లది, ఖాతా పుస్తకాలు తిరగేసే హక్కూ వాళ్లదే. అయితే సంఘం నియమావళికి లోబడాల్సిన వాళ్లలో యజమానులతో పాటు వాళ్ల బాడుగదారులూ ఉన్నారు. అంటే నియమం వర్తిస్తుంది, నియమం రాసేటప్పుడు మాట వర్తించదు. రాత్రి పది దాటితే చుట్టాలు రాకూడదు, పెళ్లికాని పిల్లలకు ఇల్లివ్వకూడదు, క్లబ్‌హౌస్ వాడకూడదు, సరుకులు ఈ లిఫ్టులో తేకూడదు... తీర్మానాలు ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. తీర్మానం చేసినవాళ్లలో కొందరు ఆ భవనంలో ఉండనే ఉండరు.

రెండోది కర్ణాటక బాడుగ చట్టం, 1999. బాడుగదారు కోసం పుట్టిన చట్టం ఇదే కదా అనుకుంటాం. కానీ పెద్ద నగరాల్లో నెలకు 3,500 రూపాయలు, మిగతా ఊళ్లలో 2,000 రూపాయలు దాటిన ఇళ్లకు ఇది వర్తించదు. ఇప్పుడు ఆ బాడుగకు బెంగళూరులో ఫ్లాటు కాదు కదా, బండి నిలుపుకునే జాగా దొరికితే గొప్ప. కాలం మారింది, బాడుగ పెరిగింది, చట్టంలోని అంకె మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది.

మూడోది 2016లో వచ్చిన రెరా. కట్టడంలో లోపాలుంటే స్వాధీనమిచ్చిన ఐదేళ్లలోపు బిల్డరు తన ఖర్చుతో సరిచేయాలంటుంది. ఎక్కువ ఫ్లాట్లు బుక్కయిన మూడు నెలల్లో కొనుగోలుదారుల సంఘం ఏర్పడాలంటుంది. మంచి మాటలే. కానీ కేటాయింపుదారు ఎవరో చెప్పిన చోటే, బాడుగకున్నవాళ్లు ఆ లెక్కలోకి రారని తేల్చిచెప్పింది. గోడ కారి పరుపు తడిసేది బాడుగదారుడిదైనా, ఫిర్యాదు మాత్రం ఓనరే పెట్టాలి.

ఇంక మిగిలేది పదకొండు నెలల అగ్రిమెంటు. ఏడాది దాటే లీజును రిజిస్టరు చేయాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతోంది కాబట్టి, దాన్ని తప్పించుకోవడానికి పదకొండు నెలలకు కుదిస్తారు. స్టాంపు కాగితం మీద వేరేవాళ్ల అగ్రిమెంటును దింపి, పేర్లు మార్చి, సంతకాలు పెట్టిస్తారు. అందులో నీళ్ల ఊసుండదు, లిఫ్టు ఊసుండదు. 'ఖాళీ చేసేటప్పుడు ఒక నెల బాడుగ పెయింటింగ్‌కు పట్టుకోబడును' అన్న మాట మాత్రం మరిచిపోరు. అడ్వాన్స్ సంగతి సరేసరి. బెంగళూరులో పది నెలల బాడుగ అడ్వాన్స్‌గా పెట్టడం చాలాకాలం మామూలైపోయింది. ఊళ్లో ఆవును అమ్మి, చీటీ ఎత్తి తెచ్చిన డబ్బు అది. నోరెత్తితే ఆ అడ్వాన్స్ ఎక్కడ చిక్కుకుంటుందోనన్న భయమే బాడుగదారు నోరు కుట్టేస్తోంది.

ఓనర్ల మాటా వినాలి

తప్పంతా ఓనర్లదీ, అసోసియేషన్లదీ అంటే న్యాయం కాదు. కమిటీలో ఉండేవాళ్లకు చాలాచోట్ల జీతం లేదు. ఆఫీసు నుంచి వచ్చి, రాత్రిపూట ట్యాంకర్ల వాళ్లతో, సెక్యూరిటీ ఏజెన్సీలతో మాట్లాడుకుంటారు. మెయింటెనెన్స్ ఎగ్గొట్టే యజమానులు ప్రతి భవనంలోనూ ఉంటారు. ఇద్దరికని చెప్పి ఆరుగురు దిగేవాళ్లు, చెత్త వేరు చేయకుండా కారిడార్‌లో పెట్టేవాళ్లు, సింకులో అన్నం పారబోసి పైపు మూసేవాళ్లు బాడుగదారుల్లో లేకపోలేదు. కొన్నిచోట్ల బిల్డరు సొమ్ము చేసుకుని, కాగితాలు అప్పజెప్పకుండా చేతులు దులుపుకుని పోయాడు. అక్కడ ఓనరూ ఏడుస్తున్నాడు, బాడుగదారూ ఏడుస్తున్నాడు.

అయితే ఇద్దరి ఏడుపుకూ తేడా ఉంది. ఓనరుకు మీటింగులో కుర్చీ ఉంది, చేతిలో ఓటు ఉంది, పోయేందుకు కోర్టు ఉంది. బాడుగదారుకు ఉన్న దారి ఒక్కటే... సామాను సర్దుకుని ఇంకో ఇల్లు వెతుక్కోవడం. పిల్లల బడి మధ్యలో, ఉద్యోగం మధ్యలో అదెంత కష్టమో ఇల్లు మారినవాళ్లకు తెలుస్తుంది. 'నచ్చకపోతే ఖాళీ చెయ్' అనే మాట సులువుగా వస్తుంది కాబట్టే, పాడైన లిఫ్టును బాగు చేయాలన్న తొందర ఎవరికీ రాదు.

లిఫ్టు అన్నది సౌకర్యం ఒక్కటే కాదు. కర్ణాటకలో దానికి లైసెన్సు ఉండాలి, విద్యుత్ తనిఖీ శాఖ పరీక్షించాలి. ఆ కాగితం గడువు ఎప్పటిదాకా ఉందో దాంట్లో రోజుకు నాలుగుసార్లు ఎక్కి దిగే మనిషి అడగకూడదా? మురుగు గుంతల్లోకి మనుషులను దించి శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. తన భవనంలో ఆ పని ఎలా చేయిస్తున్నారని అక్కడ కాపురముండే కుటుంబం అడగకూడదా? ప్రాణాలకు ఓనరు, టెనెంటు అన్న తేడా లేదు.

నీళ్ల దగ్గరే అసలు కథ

2024 మార్చిలో బెంగళూరు నీళ్లకు అల్లాడింది. తాగే నీళ్లతో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. ట్యాంకర్ల ధరలకు ప్రభుత్వం హద్దు పెట్టాల్సి వచ్చింది. ఆ నెలల్లో చాలా అపార్ట్‌మెంట్లలో అదనపు నీటి ఖర్చును అందరిమీదా పంచారు. పంచేటప్పుడు బాడుగదారు గుర్తొచ్చాడు. ట్యాంకర్ ఎక్కడిది, నీళ్లు పరీక్ష చేయించారా, వాన నీటి గుంత ఎందుకు పూడిపోయింది అని చర్చించేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

ఈ జిల్లా వాళ్లకు నీళ్ల విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. వెయ్యి అడుగులు దాటి తవ్వినా దుమ్ము ఎగిరిన బోర్లు చూశారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పళ్లు గారపట్టిన పిల్లలను చూశారు. బెంగళూరు మురుగునీటినే శుద్ధి చేసి, హెబ్బాళ-నాగవార పథకం కింద చిక్కబళ్లాపురం జిల్లా చెరువులకు పంపుతున్నారు. అంటే నగరంలో వాడి వదిలిన నీరే తిరిగి మన చెరువుల్లో చేరుతోంది. నగరంలో మురుగునీటి నిర్వహణ బాగుండటం అక్కడ కాపురముండేవాళ్ల పని మాత్రమే కాదు, ఇక్కడి రైతు పని కూడా.

రేపు జంగమకోటె వంతు

'ఇదంతా బెంగళూరు గోల, మనకెందుకు?' అనుకుంటే పొరపాటే. 2007లో చిక్కబళ్లాపురం జిల్లా అయింది. 2008లో దేవనహళ్లిలో విమానాశ్రయం మొదలైంది. అప్పటినుంచి నగరం ఈ దిక్కుకే నడిచొస్తోంది. జంగమకోటె హోబళిలో పరిశ్రమల కోసం కెఐఎడిబి భూసేకరణకు దిగాక ఊళ్లు రెండుగా చీలాయి. భూమి ఇవ్వబోమనే రైతులున్నారు, మంచి ధర వస్తే ఇస్తామనే రైతులున్నారు. పక్క దేవనహళ్లి తాలూకా చన్నరాయపట్న హోబళిలో 1,777 ఎకరాల సేకరణను రైతుల సుదీర్ఘ పోరాటం తర్వాత 2025 జూలైలో ప్రభుత్వం వదులుకుంది. జంగమకోటెలో భూమి పోవాలా, నిలవాలా అన్నది వేరే చర్చ. దాన్ని తేల్చాల్సింది ఆ భూమి దున్నేవాళ్లే.

కానీ ఫ్యాక్టరీ ఇక్కడికొచ్చినా, పక్క తాలూకాకే పరిమితమైనా, దాంట్లో పనిచేసే పిల్లలకు ఉండే చోటు కావాలి. మల్బరీ తోట పక్కనే మూడంతస్తుల మిద్దెలు లేస్తాయి. కింద ఓనరు, పైన వరసగా బాడుగ గదులు. పీజీలొస్తాయి, చిన్న అపార్ట్‌మెంట్లొస్తాయి. నిన్నటి రైతు రేపటి ఓనరు అవుతాడు. అతని కొడుకు బెంగళూరులో బాడుగదారు, అతను జంగమకోటెలో బాడుగ వసూలు చేసుకునే పెద్దమనిషి. కొడుకు అక్కడ ఏ మాటకు మండిపడుతున్నాడో, తండ్రి ఇక్కడ అదే మాట ఇంకొకరి బిడ్డతో అంటాడా? 'నీళ్లు లేకపోతే నేనేం చేసేది, ఇష్టముంటే ఉండు' అంటాడా?

అసలు ప్రశ్న ఇదే. జవాబు చెప్పుకోవాల్సింది ఆ మిద్దెలు లేచే ముందే. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు కట్టడం కష్టమే. కట్టిన ఇంటిని పదిమంది ఉండేట్టుగా నడపడం అంతకన్నా కష్టం.

చేయాల్సింది పెద్ద పనేం కాదు

ఒకటి, అగ్రిమెంటు. పేర్లు మార్చి సంతకం పెట్టించే కాగితం కాకుండా, మెయింటెనెన్స్‌లో ఏమేం కలిసి ఉన్నాయో, నీళ్లకు వేరే కట్టాలా అన్నది అందులో రాసుకోవాలి. ఏదైనా పాడైతే ఎవరికి చెప్పాలి, ఎన్ని రోజుల్లో బాగు చేయాలి, చేయకపోతే బాడుగదారే చేయించుకుని బాడుగలో పట్టుకోవచ్చా అన్నదీ ఉండాలి. ఇల్లు చేరేనాడు గోడలు, కుళాయిలు ఎట్లున్నాయో ఫోటోలు తీసుకుని ఇద్దరూ దాచుకుంటే, ఖాళీ చేసేనాడు అడ్వాన్స్ మీద తగువు సగం తగ్గుతుంది.

రెండు, లెక్క. నెలనెలా జమ ఎంత, ఖర్చెంత అన్న ఒక్క కాగితం లిఫ్టు పక్కన అంటిస్తే చాలు. దీనికి ఏ చట్టమూ అడ్డు రాదు. దాచాల్సింది లేనివాళ్లకు భయమెందుకు?

మూడు, మాట. ఓటు యజమానులదే అని చట్టం అంటే అననీ. మీటింగులో బాడుగదారుల తరఫున ఇద్దరిని కూర్చోబెట్టి వాళ్లు చెప్పేది వినడానికి ఓటు అక్కర్లేదు. భవనంలో రేయింబవళ్లు ఉండేది వాళ్లే. ఏ పంపు ఎప్పుడు మొరాయిస్తుందో విదేశంలో ఉన్న ఓనరుకన్నా వాళ్లకే బాగా తెలుసు.

నాలుగు, పంచాయతీ. పల్లెలో ఇల్లు కట్టాలంటే గ్రామ పంచాయతీ అనుమతి తీసుకోవాలి. పది గదుల బాడుగ మిద్దెకు అనుమతిచ్చేటప్పుడు సంపు ఎంత, మురుగు ఎక్కడికి పోతుంది, వాన నీళ్లు ఎక్కడ ఇంకుతాయి అన్నవి కాగితంలో కాకుండా కళ్లతో చూసి సంతకం పెట్టాలి. కట్టాక కూల్చలేరు, కట్టకముందు ఆపగలరు.

ఐదు, ప్రభుత్వం. కేంద్రం 2021లో నమూనా బాడుగ చట్టాన్ని రాష్ట్రాల ముందు పెట్టింది. నివాస గృహాలకు అడ్వాన్స్ రెండు నెలల బాడుగకు మించకూడదనీ, నీళ్లు, కరెంటు లాంటివి ఆపకూడదనీ అందులో ఉంది. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అది అమలవుతుంది. పక్కనున్న తమిళనాడు అంతకుముందే 2017లో సొంత చట్టం చేసి, 2019 నుంచి అమల్లో పెట్టింది. బాడుగ తగువుల కోసం ప్రత్యేక అధికారిని పెట్టింది. ఐటీ రాజధాని అని చెప్పుకునే కర్ణాటక 3,500 రూపాయల అంకెను పట్టుకుని ఎన్నాళ్లు కూర్చుంటుంది? బెంగళూరుకు ఓట్లు వేసే ఎమ్మెల్యేలే కాదు, బెంగళూరుకు పిల్లలను పంపే శిడ్లఘట్ట, చింతామణి, బాగేపల్లి ఎమ్మెల్యేలు కూడా విధానసభలో ఈ మాట ఎత్తాలి.

వీటిలో మొదటి మూడింటికి ప్రభుత్వం కోసం ఎదురుచూడక్కర్లేదు. రేపు నెల మొదటి తారీఖునే మొదలుపెట్టొచ్చు.

పాల డైరీ పెట్టిన కొత్తలో 'చీటీలెందుకు, నమ్మకం లేదా?' అని అడిగినవాళ్లు ఏ ఊళ్లోనైనా ఉండే ఉంటారు. చీటీ వల్ల నమ్మకం పోలేదు, నిలబడింది. ఆదివారం సాయంత్రం క్రాస్‌లో బస్సు ఎక్కే పిల్లలు అడుగుతున్నదీ అంతే. ఉచితంగా ఏమీ వద్దు. కట్టిన డబ్బుకు చీటీ, అడిగిన మాటకు జవాబు. ఈ రెండూ జంగమకోటెలో పాలు పోసే రైతుకు దక్కుతున్నప్పుడు, బెంగళూరులో బాడుగ కట్టే అతని బిడ్డకు ఎందుకు దక్కకూడదు?